పాలు మాన్పించబోయినవాడు

గుణశేఖర్ వేపాకు తానే దూసుకొచ్చి, తానే రోట్లో వేసి నూరాడు. బిడ్డకు పాలు మాన్పించేటప్పుడు తల్లి రొమ్ముకు ఆ ముద్ద పూయడం అందరికీ తెలిసిందే. కానీ అది ఆడవాళ్ల పని. మొగుడు నూరి గిన్నెలో పెట్టివ్వడం కాణిపాకం చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. పైగా పిల్లవాడు జయచంద్రకు ఇంకా పళ్లయినా సరిగా రాలేదు.

గుణశేఖర్ తల్లి కుప్పమ్మ విస్తుపోయింది. "నువ్వు మూడేండ్లు నా కొంగు వదల్లేదు గదరా" అంది. భార్య నందిని కుప్పమ్మకు తమ్ముడి కూతురే. అత్త ముందర భయం లేదు.

"బావకు కుళ్లు అత్తా. ఇంటికొస్తే నేను వీడితోనే సరిపోతాండానని" అంది.

పక్కింటి గోవిందయ్య కూడా గోడ అవతల నుంచి ఏదో ఎకసెక్కెమాడాడు. అందరూ నవ్వారు. గుణశేఖర్ కూడా నవ్వాడు. కుళ్లనుకుంటే అనుకోనీ, నిజం కంటే అదే నయమనుకున్నాడు.

నిజం అతనికి అంతకు ముందు వారమే తిరుపతిలో తెలిసింది. చిన్నాయన ఆపరేషన్‌కు రక్తమిస్తే, మళ్లీ పిలిపించి పరీక్ష చేసి, హెచ్.ఐ.వి. ఉందన్నారు. బోరు బండితో నెలల తరబడి మహారాష్ట్రలో తిరిగినప్పుడు తాను పోయిన సానికొంపలు గుర్తొచ్చాయి. కౌన్సిలర్ నవీన మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. భార్యను తీసుకురమ్మంది. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో నందినికి ఏమీ లేదని అతను గట్టిగా వాదించాడు. అది అప్పటి మాట, కాన్పయ్యాక నువ్వు ఇంటికి వచ్చిపోయావు కదా అంది ఆమె. తల్లికి కొత్తగా అంటుకుంటే అది ఒంట్లో జోరుమీద ఉంటుందని, అప్పుడు పాలు తాగే బిడ్డకు పోయే ప్రమాదం ఇంకా ఎక్కువని, ఆలస్యం చేయొద్దని చెప్పింది. నీకు నోరు రాకపోతే ఇక్కడికి తీసుకురా, నేను చెప్తానని కూడా అంది.

చిత్తూరు బస్సులో దారి పొడుగునా ఆ మాటే నోట్లో తిప్పుకున్నాడు. తీరా ఇంటికొచ్చి చూస్తే నందిని బిడ్డను ఒళ్లో వేసుకుని పాలిస్తూ ఉంది. మాట కాస్తా మింగేశాడు. పాలు ఆగిపోతే చాలు, సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు అనుకున్నాడు. అదే తెలివి అనుకున్నాడు.

బిడ్డ చేదుకు ముఖం తిప్పుకున్నాడు. ఎనుము పాలు పట్టారు. అవి పడక విరేచనాలు పట్టుకుని, పిల్లవాడి కళ్లు గుంటలు పడ్డాయి. కుప్పమ్మ ఇక ఊరుకోలేదు. తడిగుడ్డతో కోడలి రొమ్ము తుడిచి, బిడ్డను ఒళ్లో పెట్టింది. గుణశేఖర్ గడపలోనే ఉన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పైగా, బిడ్డ గుటకలు వేస్తుంటే అతని ప్రాణం కుదుటపడింది కూడా. ఆ కుదుటపడడాన్ని తర్వాత ఎంత తిట్టుకున్నాడో లెక్కలేదు. ఆ వారమే పని ఉందని చెప్పి మళ్లీ బోరు బండెక్కేశాడు.

జయచంద్రకు రెండో ఏడు దాటాక జ్వరం విడవడం మానేసింది. నోరంతా తెల్లగా పూసింది. గుణశేఖర్ పనిమీంచి తిరిగొచ్చాక తిరుపతి ఆసుపత్రిలో తల్లికీ తండ్రికీ బిడ్డకూ పరీక్ష చేశారు. ముగ్గురికీ ఉంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి లేదు కాబట్టి బిడ్డకు పుట్టుకతో రాలేదని, తర్వాత పాల వల్లే వచ్చి ఉంటుందని, మందులు వాడితే బతుకుతాడని అక్కడి డాక్టరు నందినికి విడమరిచి చెప్పాడు. బయటికొచ్చాక ఆమె గుణశేఖర్‌తో అంది.

"నువ్వు నాకు తెచ్చింది తెచ్చినావు. దాన్ని వానికి తాపింది నేను గదా బావా. నువ్వేదో మనసుకు తోచి మాన్పించమంటివి. నేనే నగినాను."

గుణశేఖర్ తల దించుకున్నాడు. అప్పుడూ చెప్పలేదు. తప్పులో సగం ఆమె మోస్తుంటే బరువు తగ్గినట్టు అనిపించింది, అలాంటి మనిషి.

ఆ రోజు నుంచి నందిని బిడ్డను ఎత్తుకోవడం మానేసింది. ముట్టుకుంటే అంటదని డాక్టరు చెప్పినా చెవికెక్కలేదు. స్నానం కుప్పమ్మ చేయించాలి, అన్నం కుప్పమ్మ పెట్టాలి. వాడు చేతులు చాపితే నందిని గోడవైపు తిరిగేది.

ఒకసారి మందులకు ముగ్గురూ తిరుపతి పోయారు. తిరుగు బస్సు కోసం నిలబడి ఉండగా గుణశేఖర్ చేతుల్లో బిడ్డ అమ్మ కావాలని గుక్కపట్టాడు. నందిని వెనక్కి జరిగింది.

"నా కాడికి తేవద్దు. నేను వానికి పెట్టింది సాలు" అంది.

గుణశేఖర్‌కు ఇక నోరు ఆగలేదు. "నాకు అప్పుడే తెలుసు నందినీ. పాలల్లో పోతుందని గూడా సెప్పినారు. నీతో అనలేక ఆకు నూరినా. నీది తప్పు లేదు."

ఆమె కొడుతుందేమోనని ఎదురుచూశాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె చేతులు చాపి బిడ్డను లాక్కుని భుజాన వేసుకుంది. వాడు ఏడుపు ఆపాడు.

బస్సొచ్చింది. నందిని ముందరి తలుపులో ఎక్కి ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. గుణశేఖర్ వెనక తలుపులో ఎక్కి నిలబడ్డాడు. కండక్టరు దగ్గరికి రాగానే ఆమె కొంగుముడి విప్పి, ఒక్క టికెట్టే తీసుకుంది.