పెళ్ళి టేపు దివిలో ఇమ్మన్నాడు

మా మేనల్లుడు భూషణం బందరులో పెళ్ళి వీడియోలు తీస్తాడు. కెమెరా చేతికొస్తే వాడికి ఆకలుండదు, దాహముండదు, ఎదురుగా పెళ్ళికూతురి చెల్లెలుంటే తెలివి కూడా ఉండదు. 2003 వేసవిలో, గిలకలదిండి హార్బరు చేపల వ్యాపారి ఏడుకొండలు గారి పెద్దమ్మాయి గాయత్రి పెళ్ళిలో, ఆ చెల్లెలు ఉండనే ఉంది. పేరు సూర్యకుమారి.

వీడు ధైర్యం చేసి పిల్లనడిగాడు. ఏడుకొండలు గారు మీసం సవరించుకున్నారు.

"ఆదివారం అందరికీ భోజనాలు పెట్టి పెళ్ళి వీడియో వేస్తాను. తాళి కట్టేటప్పుడు నేను బావురుమన్నానని హార్బరులో వెధవలందరూ కూస్తున్నారు. కంట్లో హోమం పొగ పడిందంతే! వీడియో అద్దంలా ఉండాలి, అందరూ చూడాలి. బాగుంటే పిల్లనిస్తా. లేదా, మా వీధిలో కనపడకు."

ఆ పెళ్ళిలో నేనూ ఉన్నాను. ఆయన ఏడుపుకి సన్నాయి వాయించేవాడు శ్రుతి మార్చుకున్నాడు.

టేపుల్ని కంప్యూటరులో ఎక్కించి, కోసి, అతికించి, పాటలు వేసే పనిని మిక్సింగంటారు. అది చేసేది గుడివాడ తోమాసు. గురువారం పొద్దున్నే భూషణం ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేశాడు. ఒకటే గరగర. నేనూ చెవి ఆనించాను.

"తోమాసు గారూ, పెళ్ళంతా సీడీ కొట్టించానండి. అది తెచ్చేదా?"

"సీడీ... గర్ గర్... దివిలో ఇవ్వు."

"దివిలో ఎక్కడండీ?"

"ఎక్కడేమిటయ్యా, మొత్తం దివిలోనే!" ఫోను కట్టయింది.

"మావయ్యా, గుడివాడ మనిషి దివిసీమలో ఇమ్మంటాడేంటి?"

"అత్తారిల్లు అక్కడేమోరా. మొత్తం దివి అన్నాడంటే అక్కడి పెద్దూరు అవనిగడ్డే" అన్నాను. ఐదో తరగతి దాకా చదివిన బుర్ర ఇది, ఊరికే పోతుందా!

సీడీ, కెమెరా సంచిలో పెట్టుకుని పులిగడ్డ అక్విడక్టు వంతెన దాటి అవనిగడ్డ బస్టాండులో దిగాం. గంటయింది, రెండయింది, తోమాసు జాడ లేదు. భూషణం ఊసుపోక, కెమెరాలో ఉన్న పెళ్ళి టేపుని తాళి కట్టే దగ్గరికి వెనక్కి తిప్పి, ఆ చిన్న తెరలో సూర్యకుమారిని వెతుక్కుంటున్నాడు. నేను నిమ్మసోడా తాగుతున్నాను.

"ఒరేయ్, నన్నూ ఓసారి తియ్యరా. రేపు పోతే ఫొటో అయినా లేదు."

వాడు పరధ్యానంగా ఎర్ర బొత్తం నొక్కాడు. నేను సోడా తాగి, గట్టిగా తేన్చేదాకా తీశాడు. తర్వాత మళ్ళీ ఫోను చేశాం.

"ఎక్కడున్నావయ్యా?"

"దివిలోనేనండి!"

"అదే కదా నాక్కావలసింది. పట్రా మరి."

"పట్టుకొచ్చానండి. మీరేరీ దివిలో?"

"నేను అందులో ఉండటమేంటి? నేనేమన్నా బొమ్మనా?"

అవతల నుంచి నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"ఓరి నాయనా! దివి కాదయ్యా, డీవీ! కెమెరాలో పెట్టే చిన్న టేపు, అందులోది అసలు బొమ్మ. సీడీ అంటే గానుగాడేసిన చెరుకు పిప్పి. దాన్ని నేను మళ్ళీ పిండితే మొహాలన్నీ గళ్ళు పడతాయి. అసలు టేపు భద్రంగా ఉందా?"

భూషణం కెమెరా వంక చూశాడు. తర్వాత నా చేతిలో ఖాళీ సోడా సీసా వంక చూశాడు.

పామర్రు మీదుగా గుడివాడ చేరేదాకా వాడు కెమెరాని నా చెయ్యి తగలకుండా ఒళ్ళో దాచుకున్నాడు. తోమాసు టేపు వేశాడు. బొమ్మ నిజంగానే అద్దంలా ఉంది. పెళ్ళికొడుకు తాళి ఎత్తాడు, మేళం మోగింది, అంతలో తెర మీద నేను సోడా తాగి తేన్చాను.

"బాబాయ్ గారూ, ఈ లెక్కన పెళ్ళికొడుకు మీరే" అన్నాడు తోమాసు. "ఆ నిమిషం ఇక సీడీ పిప్పిలోనే మిగిలింది. అదే తెచ్చి అతుకుతాను, పైన సన్నాయి వేస్తాను. గళ్ళకి మాత్రం నా పూచీ లేదు."

ఆదివారం గిలకలదిండిలో టీవీ ముందు హార్బరంతా దిగింది. తాళి దాకా సూర్యకుమారి జడలో మల్లెమొగ్గలు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేట. అక్కడికొచ్చేసరికి, నమ్మితే నమ్మండి, ఒక్కో గడి క్యారంబోర్డంత! పెళ్ళికొడుకు మొహానికి గళ్ళ లుంగీ చుట్టినట్టుంది. ఏడుకొండలు గారి మొహంలో ముక్కేదో మీసమేదో తెలియలేదు. భూషణం గుమ్మం వైపు జరిగాడు.

హార్బరు వాళ్ళు లేచి టీవీకి ముక్కులు ఆనించారు.

"ఏడుస్తున్నాడేంట్రా?"

"ఏమో బావా, గళ్ళే ఉన్నాయి. కన్నీళ్ళెక్కడా లేవు."

ఏడుకొండలు గారు భూషణాన్ని రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళారు. వెనకే నేను.

"ఈ గళ్ళు నువ్వే వేశావా?"

వాడు నిజం చెప్పేసేలోగా నేనందుకున్నాను. "మీ పరువు కోసమండి. పనిగట్టుకుని దివిసీమ దాకా వెళ్ళి వేయించాం."

ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. అక్కడ హోమమూ లేదు, పొగా లేదు.

"ముహూర్తం పెట్టించండి" అన్నారు. "ఒరేయ్ అల్లుడూ, చిన్నదాని పెళ్ళిలో కూడా నేను కూర్చున్న చోటల్లా ఆ గళ్ళే వేయించు."

నేను సోడా తాగిన నిమిషం తోమాసు దగ్గరే ఉంది. డీవీ కదా, తేన్పు కూడా అద్దంలా ఉందిట.