అక్కకు కనిపించని చేప

మా బావ దర్జీ. కుట్టుమిషన్ పక్కనే గాజుతొట్టి పెట్టి, ఉప్పునీళ్లు పోసి, బొక్కలు బొక్కలుగా ఉన్న పగడపు రాయి సర్ది, ఒక సముద్రపు చేపను పెంచుతున్నాడు. చేపంటే పెద్దగా ఊహించుకోకండి. చిక్కుడుగింజ పక్కన నిలబడితే దానికి అన్నగారిలా ఉంటుంది.

అది పగడపు దిబ్బల్లో పుట్టింది. అక్కడ బొక్క వదిలి షికారు తిరిగినవాణ్ణి పెద్దచేపలు ఫలహారం చేసేస్తాయి. ఆ భయంతో ఇక్కడా మనిషి నీడ పడితే చాలు, రాతిలోకి దూరేది. అందుకే మా అక్క దాన్ని ఒక్కసారీ చూడలేదు.

"ఏమండీ, నీళ్లకూ రాయికీ మేత వేస్తున్నారా?" అంది ఒకనాడు. "సాయంత్రంలోగా చేప నా కంటబడాలి. లేదంటే తొట్టి తీసేసి అక్కడ ఇస్త్రీబల్ల వేయిస్తా."

"ఉందే. నిన్ను చూసి దాక్కుంటోంది."

"నేనేం చేశాను దాన్ని?"

"నన్ను మాత్రం ఏం చేశావక్కా, చిన్నప్పుడు నేనూ దాక్కునేవాణ్ణే గదా," అన్నాను.

బావ కుట్టు ఆపి లేచాడు. మేత చల్లాడు, రాలేదు. దీపం ఆర్పాడు, రాలేదు. నాన్నా, తండ్రీ అని బతిమాలాడు. చివరికి మా నీడలు పడకుండా అడ్డం పెడదామని, ప్యాంట్లు వేసుకుని చూసుకునే నిలువుటద్దం తెచ్చి తొట్టికి ఆనించాడు. ఆ తొందరలో అద్దం మొహాన్ని చేప వైపు తిప్పేశాడు.

బొక్కలోంచి ముందు రెండు కళ్లు వచ్చాయి. ఎదురుగా అద్దంలో తనలాంటివాడే ఇంకొకడు, తన రాతిలోంచే తొంగి చూస్తున్నాడు. ఇంక ఆగుతుందా? రెక్కలు విదిల్చి, నోరు తెరిచి మీదికి ఉరికింది. ఆ అదురుకు కుట్టుమిషన్ దానంతటదే నాలుగు కుట్లు వేసింది. నమ్మకపోతే మా అక్కనడగండి. ఆవిడా నమ్మదు.

అక్క పక్కనుంచి వంగి చాలాసేపు చూసింది.

"వేలెడు లేదు, ఎంత పౌరుషమో."

"అచ్చం నీ తమ్ముడే," అన్నాడు బావ.

"పౌరుషం మా పుట్టింటిది. దాక్కోవడం మీది." నడుం నిటారు చేసింది. "ఉండనివ్వండి తొట్టి. ఇది నెగ్గేదాకా అద్దం మాత్రం కదపకండి."

నెగ్గేదెప్పుడు? అవతలివాడూ సరిగ్గా దీనంతటివాడే. అద్దం అక్కడే ఉండిపోయింది. కొత్త ప్యాంటు వేసుకున్నవాళ్లు ఎలా ఉందని ఇప్పుడు బావనే అడగాలి.

"దివ్యంగా ఉంది," అంటాడు.

ఆనాటినుంచి మా బావ కుట్టుకు వంక పెట్టినవాడు లేడు.