ఎర్రరేకు చల్లారేలోపు

కొలిమి తలుపు పైకి లేచింది. పెద్దాయన పట్టకారు చాచి, ఎర్రగా కాలిన రేకును ఒక అంచున పట్టాడు. రెండో అంచు బావమరిది పట్టాడు. ఎర్రదనం తగ్గకముందే దాన్ని ప్రెస్సు అచ్చులో పెట్టాలి. లోపల నీళ్లు తిరిగే ఆ చల్లని అచ్చు రేకును నొక్కిపట్టి ఒక్కసారిగా చల్లారుస్తుంది. అప్పుడే పలచని రేకు కారు తలుపు పక్కన నిలిచే గట్టి స్తంభమవుతుంది. ఆలస్యమైతే రూపం వస్తుంది, గట్టితనం రాదు.

"ఎడమకి, బావా... ఇంకాస్త... ఆఁ, దించు."

కొంతకాలంగా ఆ మాటల మీదే పెద్దాయన బతుకు నడుస్తోంది. మంటను చూసి చూసి కళ్లకు మసక కమ్మింది. రేకు కనిపిస్తుంది, అచ్చులో అది ఎక్కాల్సిన పిన్నులు కనిపించవు. తెలిస్తే పని పోతుంది. పనితోపాటు, ఇంటావిడకు రక్తం శుద్ధి చేయించే కంపెనీ వైద్యమూ పోతుంది. అది లేకపోతే ఆమె ఎన్నాళ్లో బతకదు.

"మా అక్క కోసం మోస్తున్నా బావా, నీ మొహం చూసి కాదు."

"నీ మొహం కనబడకపోవడమేరా నాకు మిగిలిన సుఖం."

భోజనాలయ్యాక మేస్త్రీ బావమరిదిని వేరే కొలిమికి పంపేశాడు. వెళ్తున్న బావమరిది అడుగులు రెండుసార్లు ఆగి, కదిలిపోయాయి.

అవతల కొత్తవాడు నిలబడ్డాడు. ఉలుకూ పలుకూ లేని మనిషి. పెద్దాయన రేకు పట్టాడు, నడిచాడు, దించాడు. పిన్ను ఎక్కలేదు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఎరుపు నల్లబడింది. అప్పుడెక్కింది. అచ్చు మూసుకుంది.

బయటికొచ్చిన స్తంభం మిగతావాటిలాగే ఉంది. కొత్తవాడు దాన్ని బండిలో వేయబోయాడు.

"అది వద్దు. పక్కన పెట్టు."

"బానే ఉందిగా మామా, ఎవడు చూడొచ్చాడు?"

బండిలో పడితే ఈ పూట గడుస్తుంది. రేపెవరో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని దాని పక్కనే కూర్చుంటారు.

"పెట్టమన్నానా! అది మెత్తది."

మేస్త్రీ వచ్చాడు. "ఎందుకు ఆలస్యమైంది?"

"కనబడలేదయ్యా."

మేస్త్రీ అతని కళ్ల ముందు చెయ్యి ఆడించి చూశాడు. "ఇంటికెళ్లు, పెద్దాయనా. రేపట్నించి రావొద్దు."

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే బతిమాలుకునేవాడు.

చెడ్డముక్కకు గుర్తు పెట్టడం, చేసినవాడి పని. పెద్దాయన సుద్దముక్క తీసుకుని, గోడకు ఆనించిన స్తంభాన్ని తడిమి ఇంటూ గుర్తు గీశాడు. బావమరిదికి చెప్పకుండానే గేటు దాటాడు. ఆవిడకు ఏం చెప్పాలో తోచక, ఇంటిదారి పట్టలేక, బయట చాలాసేపు నిలబడిపోయాడు.

సాయంత్రం తుక్కుబండివాళ్లు ఆ ముక్కను ఎత్తుకెళ్లారు. దాని మీద పడింది సగం గుర్తే. మిగతా సగం గోడ మీద, తెల్లగా, ఉండిపోయింది.