గట్టి పరుపు

అప్పటికి నా చేతిలో ఉన్నవి ఇవి: పరుపుల కొట్టు, పదిహేనేళ్లుగా సంపాదించుకున్న పేరు, నెలన్నర పాప, ఆ పాపను ఉయ్యాలలోంచి ఎత్తుకోలేని భార్య. పాపను ఎత్తి తల్లికి అందించేది మా అత్తగారు. నెలాఖరుకు ఆవిడ వెళ్లిపోతారు. నేను పొద్దస్తమానం కొట్టులో ఉంటాను. ఆ తర్వాత ఎత్తేదెవరు?

కడుపుతో ఉన్నప్పుడే నా భార్యకు నడుమూ తుంటీ పట్టేశాయి. కొట్టులోకెల్లా గట్టి పరుపు ఇంటికి మోయించాను. నడుం నొప్పికి గట్టి పరుపే మందని వచ్చిన ప్రతివాడికీ చెప్పి అమ్మినవాణ్ణి, ఇంట్లో వేరే మాట చెబుతానా? కాన్పయింది. నొప్పి పోలేదు.

పురుడు పోసిన డాక్టరు మమ్మల్ని ఒక ఆస్టియోపతి వైద్యురాలి దగ్గరికి పంపింది. చేతులతో కీళ్లనూ కండరాలనూ సర్దడం ఆమె పని.

“ఒళ్లు పిసకడానికి కూడా చదువేనా?” అన్నాను గదిలో అడుగు పెడుతూనే. వినపడాలనే అన్నాను.

ఆమె నావైపు చూడలేదు. నా భార్యను బల్ల మీద పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, తుంటి కింద అరచెయ్యి ఉంచి చాలాసేపు కదలకుండా కూర్చుంది.

“ఇంట్లో ఏ పక్కకి పడుకుంటారు?”

“ఎడమ పక్కకండీ. పొద్దున లేచేసరికి అటంతా మొద్దుబారిపోతుంది.”

“పరుపెలాంటిది?”

“దానికన్నా ఈ బల్లే నయం. అది మా ఆయన కొట్టులోది.”

అప్పుడు చూసింది నన్ను. “ఆ గట్టి పరుపులో తుంటి దిగడానికి చోటు లేదు. అది మార్చండి. నేనిక్కడ సర్దింది మీరక్కడ చెడగొడుతున్నారు.”

“మీరెన్ని పరుపులు అమ్మారేమిటి?”

“మీరెన్నిసార్లు కడుపుతో పడుకున్నారేమిటి?”

నా భార్య నవ్వింది. నాలుగు నెలల్లో అదే మొదటి నవ్వు, అదీ నా మీద.

ఇంటికొచ్చాక మార్చనన్నాను. మారిస్తే రేపు కొట్టులో ఏ మొహం పెట్టుకుని అమ్మను?

“ఆ కొట్టునే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారు?” అని, వాళ్లమ్మ చేత పాత దూది పరుపు ముందుగదిలో వేయించుకుంది. వైద్యురాలు నేర్పిన వ్యాయామాలు రోజూ చేసింది. మరో మూడుసార్లు ఆమె దగ్గరికి వెళ్లింది, నన్ను రావద్దని చెప్పి మరీ.

నెలాఖరున అత్తగారు సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. పాప ఏడుపందుకుంది. నేను కదలబోయాను.

“మీరాగండి అల్లుడుగారూ.”

నా భార్య వచ్చి, మోకాళ్లు వంచి, పాపను గుండెకు ఆనించుకుని లేచింది. పళ్లు బిగపట్టింది, కానీ లేచింది. అత్తగారు చెప్పులు వేసుకున్నారు.

“ఇకనైనా గదిలోకి రా,” అన్నాను.

“మీ పరుపు మీద మీరే పడుకోండి.”

ఇవాళ్టికి తేలిన లెక్క ఇది. పాపకు తల్లి చేతులు దక్కాయి. నొప్పి సగం పోయింది, సగం ఉంది. వాదనలో నేను గెలవలేదు. మా ఇద్దరి మధ్య మాటలు పాప మీదుగా నడుస్తున్నాయి: “మీ నాన్నని భోజనానికి రమ్మనవే.” పిలుపు వస్తూనే ఉంది, నేను వెళ్లి కూర్చుంటూనే ఉన్నాను.