చివరగా తుడిచిన చెయ్యి

"ఈ లైన్ ఎవరిది?"

ఆఫీసు కాల్‌లో డైరెక్టర్ గొంతు చెవిలో ఖంగుమనేసరికి ఆమె చేతిలో గిన్నెలు తోమే పీచు ఉంది. లాప్‌టాప్ వంటింటి గట్టు మీద, నీళ్ళు చిందకుండా డబ్బాల వెనక నక్కి ఉంది. పొద్దున వదిలిన అప్‌డేట్ వేసుకున్న మెషీన్లన్నీ ఒకదాని వెనక ఒకటి కొయ్యబారిపోతున్నాయి. ఆసుపత్రుల్లో రోగుల వివరాలు తెరుచుకోవడం లేదని ఫోన్ల మీద ఫోన్లు. తప్పు కెర్నెల్లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో ఉంది. కోడ్‌లో ఏ లైన్లో ఉందో దొరికింది కూడా.

ఎవరిదని అడిగితే, ఏ లైన్ ఎవరి పనో చెప్పే టూల్ ఆ లైన్ పక్కన ఒక పేరు చూపించింది. ఆమె పేరు.

"నువ్వా తల్లీ?" అన్నాడు టెస్టింగ్ టీమ్‌లో అందరూ తాతగారని పిలిచే పెద్దాయన, నమ్మలేనట్టు.

"ఎవరైనా సరే, కెర్నెల్ మీద చెయ్యి వేసే హక్కు ఈ రోజుతో సరి," అన్నాడు డైరెక్టర్.

ఆమె నోరు తెరిచేలోపే పడకగది తలుపు తెరుచుకుంది. భర్త. టీమ్ లీడ్ కూడా ఆయనే. అదే కాల్ లోపలి నుంచి వింటున్నాడు.

"మ్యూట్ చెయ్."

చేసింది.

"పొరపాటైందని ఒక్క ముక్క అనెయ్. గొడవ వదిలిపోతుంది."

"రాసింది మీరు కదండీ."

"ఎవరు రాశారని ఎవడు చూస్తాడు? చివర చెయ్యి పెట్టింది నువ్వు. నిన్ను కోప్పడి ఊరుకుంటారు. నా మెడ మీద ప్రమోషన్ కత్తి వేలాడుతోంది, తెలుసుగా?"

"నా హక్కు పోతుంది."

"పోతే ఏమైంది? కాస్త ఇల్లు పట్టించుకోవచ్చు."

ఆ లైన్ ఆమెకి కొత్తదేం కాదు. మెమరీని ముట్టుకునేముందు లాక్ వేయాలి, బయటికి పోయేటప్పుడు వదలాలి. ఆయన మధ్యలో కొత్త దారి పెట్టాడు, ఏదైనా తేడా వస్తే చటుక్కున బయటపడేందుకు. ఆ దారిన పోయేటప్పుడు లాక్ వదలడం మర్చిపోయాడు. ఇక వెనక వచ్చిన ప్రోగ్రాములన్నీ తలుపు దగ్గర పడిగాపులే. అది ఆమె చూసింది, చెప్పింది కూడా. కానీ ఎక్కడ? అన్నం వడ్డిస్తూ, ఇంట్లో. ఎందుకంటే ఆయన కోడ్‌లో తప్పులు నలుగురూ చదివేచోట రాయకూడదని పెళ్ళైన కొత్తలోనే కట్టడి అయిపోయింది. "పెళ్ళాం చేత దిద్దించుకుంటున్నాడని నవ్వరా? ఇంట్లో చెప్పు, అక్కడ ఓకే కొట్టు." ఆ రోజూ అదే మాట. "లాక్ సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు ఆ లైన్ల ముందు ఖాళీలవీ సర్దెయ్, చూడ్డానికి గలీజుగా ఉంది." ఆమె ఓకే కొట్టింది. ఆ తర్వాత వంకరటింకర లైన్లన్నీ ఒక వరసలోకి జరిపింది, అక్షరం మార్చకుండా. ఆయన చూసుకోలేదు. టూల్ మాత్రం ఆ లైన్లను చివరగా కదిపిన చెయ్యిని గుర్తుపెట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఆయన మార్పులన్నీ శుభ్రం చేసింది ఆమే. మెచ్చుకోళ్ళన్నీ ఆయనకే వెళ్ళాయి. ఆమె పేరు పైకి వచ్చింది ఇదే మొదటిసారి.

కాదు, ఈ రోజుకి రెండోసారి. పొద్దున ఆయన పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్‌తో బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. పొంగి గట్టంతా పారాయి. ఆమె పరిగెత్తుకొచ్చి తుడుస్తుంటే అత్తగారు గుమ్మంలోంచి చూసింది. "మళ్ళీ పొంగించావా? ధ్యాసంతా ఆ కంప్యూటర్ డబ్బా మీదేనాయె." ఆయన అప్పటికి లోపలికొచ్చి అక్కడే ఉన్నాడు. నవ్వి, కాఫీ ఏదన్నాడు. ఆమె గుడ్డ పిండుకుంది. ఈ ఇంట్లో గుడ్డ ఎవరి చేతిలో ఉంటే తప్పు వాళ్ళది.

"ఏమ్మా, లైన్లో ఉన్నావా?" తాతగారు పిలుస్తున్నాడు.

భర్త గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇటు గట్టు, అటు ఫ్రిజ్. కదలడానికి చోటు లేదు.

"చెప్పు," అన్నాడు పళ్ళ బిగువున. "మ్యూట్ తీసి చెప్పు."

ఆమె తడిచెయ్యి చీరకి తుడుచుకుని మ్యూట్ తీసింది.

"సార్, నా స్క్రీన్ చూడండి. ఆ లైన్లో నేను ఖాళీలు సర్దానంతే. ఖాళీల మార్పులు లెక్కలోకి తీసుకోకుండా టూల్‌ని మళ్ళీ అడుగుతున్నాను."

ఒక్క మీట నొక్కింది. ఆ లైన్ పక్కన పేరు మారింది.

కాల్‌లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఆ పేరు అందరికీ కనిపిస్తోంది, ఎవరూ బయటికి చదవడం లేదు.

"పైకి చెప్పండి మేడమ్," అన్నాడు డైరెక్టర్ మెల్లగా. "ఊహాగానాలు వద్దు."

భర్త వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. హాల్లోంచి అత్తగారు, "ఏంట్రా ఆ గోల? ఏం తగలేసిందిట?" అంది.

"తప్పు కనిపించీ ఓకే కొట్టాను. అంతవరకు నాది, రాసుకోండి," అంది ఆమె. "లాక్ వదలకుండా బయటపడే దారి రాసింది మా టీమ్ లీడ్. మా ఆయన."

అప్పుడు మ్యూట్ చెయ్యకుండానే హాలు వైపు తిరిగింది.

"పొద్దున పాలు పొంగించింది కూడా ఆయనే అత్తయ్యా."