ఎడమ పిక్క

సుందరరాజు బొటనవేళ్ళు జగన్నాథం పిక్కలో దిగాయి. మడమ దగ్గర్నుంచి మోకాలి దాకా, మళ్ళీ మొదటికి. కంభం చెరువు కట్ట కింద వేసిన షామియానాలో పొద్దుటి నుంచి ఇది తొమ్మిదో జత కాళ్ళు.

"చిన్నగా మామా! ఎద్దుకు పట్టినట్ల పడ్తుండావు."

"ఎద్దయితే ఇంత అరవదులే శెట్టీ."

చుట్టూ నవ్వారు. అబద్ధం కాదు. సుందరరాజు నాయన బండలాగుడు ఎడ్లకు నూనె పట్టేవాడు. చెయ్యి అక్కడే తిరిగింది. మిగతా రోజుల్లో మార్కాపురంలో పలకలు కోస్తాడు. గోళ్ళ సందుల్లో నల్లటి పొడి ఎంత కడిగినా పోదు.

జగన్నాథానికి బట్టల దుకాణం ఉంది. పోయినేడు నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ పరిగెత్తాడు. ఈసారి ట్రయథ్లాన్: చెరువులో ఈత, తొంభై కిలోమీటర్ల సైకిల్, ఆపైన పరుగు.

"రెండిట్లో ఏది ఎక్కువ నలిపింది మామా? నువ్వే చెప్పాల."

"పోయినేడు నీ కాళ్ళు రాళ్ళు. రెండు గోళ్ళు ఊడినాయి, మెట్టు దిగలేకపోతివి. ఈసారి కాళ్ళు మెత్తగానే ఉండాయి. మెడ పోయింది, భుజాలు పోయినాయి, మొగంలో జీవం లేదు. ఉత్త పరుగు కాళ్ళ మీద పడ్తాది శెట్టీ. ఇది మనిషినంతా పిండుతాది."

"నా పరీక్షల కంటే నీ చేతులే నయమయ్యా" అన్నాడు శిబిరం డాక్టరు శేషాద్రి. సుందరరాజు పొంగిపోయాడు.

తర్వాతి మనిషి కాలు అందుకోబోతే డాక్టరే సుందరరాజు మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు, పట్టొద్దు. రెండు కాళ్ళూ నొప్పంటే అలసట. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు."

ఆ మనిషిని అంబులెన్సు ఎక్కించారు. అప్పటికి పన్నెండయింది.

పొద్దున బేస్తవారిపేటలో సుందరరాజు గడప దాటుతుంటే, భార్య లీదియా కుచ్చిళ్ళు కొంచెం ఎత్తింది. ముప్ఫై ఏళ్ళు కాళ్ళు మడిచి కూర్చుని పలకలకు చట్రాలు బిగించిన మనిషి.

"ఈ ఎడమ పిక్క చూడు, మొద్దులెక్క వాచె. కాల్తాంది. రోంత నూనె రాయి."

"పెండ్లాం కాళ్ళు పట్టినాడని వాడోళ్ళంతా నవ్వాల్నా?"

చూడనైనా చూడలేదు. ఆమె కుచ్చిళ్ళు దించుకుంది. కర్పూరం వేసి తానే కాచిన నూనె సీసాకు మూత మీద గుడ్డ చుట్టి, అతని సంచిలో పెట్టింది.

ఇప్పుడే ఇంటికి పోవాలనుకున్నాడు. పక్కింటి ఎల్లమ్మ నంబరు ఫోన్లోనే ఉంది. కానీ ఇంకా ఆరుగురు వరసలో ఉన్నారు. మామ చెయ్యే కావాలంటున్నారు. డాక్టరు అందరి ముందూ మెచ్చిన చెయ్యి. ఆ ఆరుగురినీ పట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు, రెండు దాటాక, బస్సెక్కాడు.

ఎల్లమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"యాడ సచ్చినావన్నా? మూడింటికి ఆయాసమన్నది. నీళ్ళు తెచ్చేలోపల పోయింది."

అతను మంచం కాళ్ళవైపు కూర్చున్నాడు. చేరిన వాడవాళ్ళంతా చూస్తుండగా ఎడమ పిక్కను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వాపు అట్లాగే ఉంది. వేడి లేదు.

ఎవరూ నవ్వలేదు.

గడప పక్కన సంచి ఒరిగి, సీసా బయటికి దొర్లింది. మూతకు మళ్ళీ చుట్టిన గుడ్డ ఊడలేదు. అడుగున ఒక కాలికి సరిపడా నూనె ఉంది.