గోలెంలో కొర్రమట్ట

మధుకర్ దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాది ఒక ఆదివారం గాలాలు పట్టుకొని వెల్గటూర్ దిక్కు గోదావరికి పోతరు. ఈసారి కూడా జగిత్యాల నుంచి పొద్దుగాలనే ఆటోల పోయిండ్రు. ఒడ్డున చద్దరు పరిచి, పులిహోర డబ్బా నీడకు పెట్టి, మధుకర్ భార్య సంధ్యారాణి గాలానికి కప్పపిల్లను గుచ్చింది.

అక్కడి నది మలుపుల పట్టిన కొర్రమట్ట చేప ఒడ్డున పడంగనే ఒక్క మాట మాట్లాడుతది. దాన్ని వండుకున్న ఇంట్ల ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు అదే గొంతుతోని వినబడుతది. నచ్చని మాటైతే నీళ్లల్ల వదిలేస్తరు. వదిలిన చేప ఇంకెవరి గాలానికో పడుతది, మాట వాళ్లింటికి పోతది.

మధుకర్‌కు పడ్డ చేప, అతని బిడ్డ అక్షిత గొంతుతోని, "మమ్మీ, నా సోషల్ బుక్కు కనవడ్తలేదు," అన్నది.

"గిది రోజు ఉండేదే. బుట్టల వెయ్యి," అన్నడు మధుకర్ నాయిన రామస్వామి.

వాళ్లు పులిహోర తింటుంటే సంధ్యారాణికి ఇంకోటి పడ్డది. మోచేతి పొడుగున్నది. అది నోరు తెరిచి, ఎవరో తెల్వని మనిషి గొంతుతోని మెల్లగ చెప్పింది.

"అమ్మా, మీ ఆయనను తీసుకొని ఎయిర్‌పోర్టు నుంచి బయలెల్లినం. పెట్టె దించెటందుకు నలుగురిని ఉంచుండ్రి."

సంధ్యారాణి దాని నోట్లెకెళ్లి గాలం ఊడదీసింది. చేపను నీళ్ల మీదికి వంచింది. దిగువన ఒకామె చంకల పిల్లనెత్తుకొని గాలమేస్తున్నది. పెనిమిటి మస్కట్ల ఉన్నడని పొద్దున ఆమెనే చెప్పింది. సంధ్యారాణి చేపను వదలలేకపోయింది. బకెట్ల నీళ్లు ముంచి అందుల వేసింది.

"ఏమన్నది, బిడ్డా?" అని అడిగిండు రామస్వామి.

"ఏమనలేదు, మామా. దీన్ని సాదుకుంట."

ముసలాయన ఆమె మొఖం చూసి, బకెట్ మోసుకుపోయి ఆటోల పెట్టిండు.

ఇంటికొచ్చి సంధ్యారాణి దాన్ని పెరట్ల నీళ్ల గోలెంల వేసి, ఎగిరి పడకుండ జాలీ కప్పి పైన బండ పెట్టింది. మధుకర్ శుక్రవారం విమానమెక్కిండు. సిరిసిల్లల కుట్టుపని దొరికినా ఆమె చేపను విడిచి పోలేదు. ఎండకాలం బోరు ఎండిపోతే క్యాన్ల నీళ్లు పోసింది. తెల్వని నంబరు నుంచి ఫోనొస్తే ముందు గోలెం కాడికి ఉరికి, చేప మెదులుతున్నదని చూసినంకనే ఎత్తేది.

రెండేండ్లకు మధుకర్ వచ్చిండు. మళ్ల పోయే రోజు దగ్గర పడ్డంక, కత్తి పీట తెచ్చి గోలెం కాడ కూసున్నడు.

"ఎంత పెద్దగైంది చూడు. కోసుకుందాం."

సంధ్యారాణి జాలీ మీద చెయ్యి పెట్టింది. చేప అన్నది అప్పుడు చెప్పింది, ఒక్క మాట పొల్లు పోకుండ.

మధుకర్ నీళ్లల్లకు వంగి చూసిండు. "నలుగురినన్నదా?" అని అడిగిండు.

"అవును."

కత్తి పీట గోడకు ఆనిచ్చి, కంపెనీకి ఫోన్ చేసి ఇగ రానని చెప్పిండు.

ఇప్పుడతను జగిత్యాలలనే ఆటో నడుపుతున్నడు. గోలెం నీళ్లు మార్చే పని అతనిదే. గాలి కోసం చేప పైకొచ్చి నోరు తెరిచినప్పుడల్లా మగ్గు కింద పెట్టి రెండు చెవులు మూసుకుంటడు.